అద్భుత కథల్లో మహాయుద్ధ ఘట్టాలు: తెలుగు సంప్రదాయం, రచనా పద్ధతులు

జానపద, పౌరాణిక, ఫాంటసీ కథల్లో పెద్ద సైన్యాలు తలపడే దీర్ఘమైన సన్నివేశాలను మహాయుద్ధ ఘట్టాలు అంటారు. ఇద్దరు వీరుల ద్వంద్వయుద్ధానికీ దీనికీ తేడా ఉంది. ఇక్కడ వేల మంది కదులుతారు, అనేక చోట్ల ఒకేసారి పోరు నడుస్తుంది, గంటలో రోజులో గడుస్తాయి, మాయలూ అస్త్రాలూ బలాబలాలను తారుమారు చేస్తాయి. తెలుగులో ఈ ప్రక్రియకు ఎనిమిది శతాబ్దాల చరిత్ర ఉంది. 13వ శతాబ్దంలో తిక్కన రాసిన యుద్ధ పర్వాలతో మొదలై, ద్విపద కావ్యాలు, వీరగాథలు, బుర్రకథ, చందమామ సీరియళ్ల మీదుగా హైదరాబాద్‌లో తయారైన ‘బాహుబలి’ దాకా సాగింది. ఇన్ని రూపాల్లోనూ నిలిచిన సూత్రం ఒకటే: యుద్ధ ఘట్టానికి పొడవునిచ్చేది సైనికుల సంఖ్య కాదు, ఒకదాన్నొకటి మలుపు తిప్పే నిర్ణయాల వరుస.

కావ్యలక్షణాల్లో యుద్ధం

మహాకావ్యంలో ఉండవలసిన అష్టాదశ వర్ణనల్లో యుద్ధం ఒకటి. ఆ జాబితాలో దాని చుట్టూ ఉన్నవాటిని గమనించాలి. మంత్రాలోచన, దూత, దండయాత్ర, యుద్ధం, నాయకాభ్యుదయం వరుసగా వస్తాయి. అంటే కొలువులో చర్చ జరిగినప్పుడే యుద్ధం మొదలైనట్టు. రాయబారం విఫలమైతే పాఠకుడికి రెండు పక్షాల కోరికలూ తెలుస్తాయి. సేన కదిలితే దారీ దూరమూ తెలుస్తాయి. ఇంత సిద్ధమయ్యాకే తొలి బాణం పడుతుంది. భారతంలో ఉద్యోగ పర్వమంతా ఈ పనే చేస్తుంది. కృష్ణ రాయబారం, కర్ణుడికి జన్మరహస్యం తెలియడం వంటివి ముందే జరిగిపోవడం వల్ల కురుక్షేత్రంలో ప్రతి ఎదురుపాటుకూ బరువు వస్తుంది.

రసాల సంగతీ అంతే. యుద్ధం అనగానే వీరం, రౌద్రం గుర్తొస్తాయి. ఆ రెండింటితోనే వంద పుటలు నడిపితే పాఠకుడు అలసిపోతాడు. మంచి యుద్ధ ఘట్టంలో భయానకం, బీభత్సం, కరుణ, అద్భుతం వంతులవారీగా వస్తాయి. నరకాసురవధలో సత్యభామ స్వయంగా విల్లు పట్టిన ఘట్టాన్ని నాచన సోమన ఉత్తర హరివంశంలోనూ పోతన భాగవతంలోనూ రాశారు. పక్కనున్న కృష్ణుడి మీద అనురాగం, ఎదుట ఉన్న శత్రువు మీద ఆగ్రహం ఒకే ముఖంలో ఒకే క్షణాన పలికించడం పోతన చూపిన నేర్పు. శృంగార వీరాలను అలా పక్కపక్కన నిలిపిన యుద్ధ చిత్రణ తెలుగులో తర్వాతి తరాలకు కొలబద్ద అయింది.

తిక్కన: పద్దెనిమిది రోజుల నిర్మాణం

నెల్లూరి మనుమసిద్ధి ఆస్థానకవి తిక్కన విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలను తెలుగు చేశాడు. భీష్మ, ద్రోణ, కర్ణ, శల్య పర్వాలు వాటిలో యుద్ధానివి. ఆయన దాయాది ఖడ్గతిక్కన అదే రాజుకు సేనాని. పుల్లరి (పశువుల మేత పన్ను) వివాదంలో కాటమరాజు సేనతో జరిగిన పోరులో అతను మరణించినట్టు కాటమరాజు కథాచక్రం చెబుతుంది. కవి ఇంటికి కదనం దూరంగా లేదు.

కురుక్షేత్రంలో 18 అక్షౌహిణులు పోరాడాయి. ఒక అక్షౌహిణి అంటే 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 కాల్బలం. ఈ అంకెలు పాఠకుడిని ఆశ్చర్యపరుస్తాయి. కానీ పద్దెనిమిది రోజుల కథను చదివించేది వేరొకటి. సేనాపతి మారినప్పుడల్లా యుద్ధ లక్ష్యం మారుతుంది. భీష్ముడు పది రోజులు నడుపుతాడు, కానీ పాండవులను చంపనంటాడు. ద్రోణుడి అయిదు రోజుల్లో మొదటి లక్ష్యం ధర్మరాజును ప్రాణాలతో పట్టుకోవడం. కర్ణుడి రెండు రోజులూ అర్జునుడి కోసమే. శల్యుడి సగం రోజు ఓటమిని కాస్త వాయిదా వేయడానికి. ఒకే నేల మీద, అవే సైన్యాలతో నాలుగు వేర్వేరు కథలు నడుస్తాయి. దీర్ఘయుద్ధాన్ని రాసేవారికి ఇంతకంటే మంచి పథకం దొరకదు.

పదమూడో రోజు పద్మవ్యూహంలో అభిమన్యుడు చనిపోయాక, మర్నాడు సూర్యాస్తమయంలోగా సైంధవుడిని చంపుతానని అర్జునుడు ప్రతిన పూనుతాడు. పద్నాలుగో రోజును విడిగా పాఠంగా చదువుకోవచ్చు. లక్ష్యం ఒక్క మనిషి. ఆ మనిషి ద్రోణుడు పన్నిన శకటవ్యూహం లోపల, చివర ఉన్నాడు. గడువు సూర్యాస్తమయం. మధ్యలో గుర్రాలు అలసిపోతే అర్జునుడు రథం దిగి, బాణంతో నేలను చీల్చి కొలను కల్పిస్తాడు. కృష్ణుడు గుర్రాలకు నీళ్లు పట్టి సేద తీరుస్తాడు. పోరు నడిమధ్య వచ్చే ఆ విశ్రాంతి గడువును మరింత బిగిస్తుంది. అక్కడి నుంచి వార్త రాక ధర్మరాజు ఆందోళన పడి సాత్యకిని పంపుతాడు, అతని వార్తా తెలియక భీముణ్ణి పంపుతాడు. వ్యూహంలోకి వెళ్లే ప్రతి మనిషితో కొత్త పోరు పుడుతుంది. ఏ పోరూ కథకు బయటిది కాదు.

కథనరీతి కూడా గమనించదగ్గది. సంజయుడు ముందు ఫలితం చెబుతాడు, ఆ తర్వాత వివరం. భీష్ముడు పడిపోయాడన్న మాట విని ధృతరాష్ట్రుడు కుప్పకూలాకే ఆ పది రోజుల కథ మొదలవుతుంది. ఏం జరిగిందో తెలిసినా ఎలా జరిగిందో తెలుసుకోవాలన్న ఆత్రుత పోదు. పైగా వినేవాడు ఓడిపోతున్నవారి తండ్రి. ప్రతి విజయ వార్తా అతనికి చావు కబురు. ఎవరు చెబుతున్నారు, ఎవరికి చెబుతున్నారు అన్న ఒక్క ఏర్పాటుతో యుద్ధమంతా దుఃఖం ఆవరించి ఉంటుంది.

అస్త్రాలకు హద్దులు

మాయ ఉన్న కథలో పాఠకుడికి వచ్చే మొదటి సందేహం: ఇంత శక్తి ఉన్నవాడు మొదటి రోజే ఎందుకు గెలవలేదు? భారతం ప్రతి మహాస్త్రానికీ ఒక హద్దు పెట్టి జవాబు చెబుతుంది. ఇంద్రుడిచ్చిన శక్తి కర్ణుడి చేతిలో ఒక్కసారే పనిచేస్తుంది. అర్జునుడి కోసం దాచుకున్న దాన్ని పద్నాలుగో రోజు రాత్రి ఘటోత్కచుడి మీద ప్రయోగించవలసి వస్తుంది. నారాయణాస్త్రానికి ఎదురు నిలిస్తే విజృంభిస్తుంది, ఆయుధాలు దించి రథం దిగితే చల్లారుతుంది. పరశురాముడి శాపం వల్ల కర్ణుడికి అవసరమైన వేళ అస్త్రమంత్రం స్ఫురించదు. శక్తికి వెల ఉండాలి, లేదా విరుగుడు ఉండాలి, లేదా నిషేధం ఉండాలి. ఇవి ముందే పాఠకుడికి తెలిసి ఉండాలి. ఆఖరి క్షణంలో కొత్త మాయను తెచ్చి గట్టెక్కించే రచయిత అంతకు ముందు రాసిన యుద్ధాన్నంతా తానే వృథా చేసుకుంటాడు.

వీరగాథలు: పలనాడు, బొబ్బిలి

12వ శతాబ్దపు పలనాటి యుద్ధాన్ని శ్రీనాథుడు ద్విపదలో ‘పల్నాటి వీరచరిత్ర’గా చెప్పాడు. కోడిపందెం నుంచి కారెంపూడి రణరంగం దాకా సాగిన ఈ కథలో బ్రహ్మనాయుడు, నాగమ్మ, కన్నమదాసు, బాలచంద్రుడు ముఖ్యులు. బాలచంద్రుడి కథ యుద్ధభూమిలో మొదలవదు. కొడుకును పోరుకు దూరంగా ఉంచాలనుకునే తల్లి ఐతాంబ, భర్తను సాగనంపే మాంచాల, వెంట వస్తానన్న మిత్రుడు అనపోతు ముందుగా వస్తారు. ఇంటి గడప దాటడానికి పట్టిన నిడివి వల్లనే రణంలో ఆ కుర్రవాడి ప్రతి అడుగూ మనకు పట్టింపవుతుంది. కారెంపూడిలో కార్తీక మాసంలో ఇప్పటికీ పల్నాటి వీరుల ఉత్సవం జరుగుతుంది.

1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధం చరిత్రే అయినా, జనం నోట గాథగా మారింది. విజయనగరం ప్రభువు పూసపాటి విజయరామరాజు, ఫ్రెంచి సేనాని బుస్సీ కలిసి కోటను ముట్టడించారు. బొబ్బిలి వీరుడు తాండ్ర పాపయ్య అప్పుడు రాజాంలో ఉన్నాడు. వీరుడు ఒక చోట, కోట ఒక చోట ఉండడం వల్ల కథకు ఉత్కంఠ దానంతట అదే వచ్చింది. అతను వచ్చేసరికి కోట పోయింది. మిగిలింది విజయరామరాజు గుడారంలో తీర్చుకున్న పగ.

షేక్ నాజర్ (1920–1997) బుర్రకథగా చెప్పిన పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం ఊరూరా మోగాయి. బుర్రకథలో ముగ్గురుంటారు. తంబురాతో కథకుడు నడుమ, గుమ్మెటలతో వంతలు అటూ ఇటూ. ఒక వంత హాస్యం పలికితే, రెండో వంత రాజకీయం మాట్లాడతాడు. కథకుడు ఆవేశాన్ని శిఖరానికి తీసుకెళ్లినప్పుడు వంత అడ్డుపడి ప్రశ్న వేస్తాడు, జనం ఊపిరి పీల్చుకుంటారు, కథకుడు మళ్లీ అందుకుంటాడు. గంటల తరబడి యుద్ధాన్ని వినిపించగలిగే లయ ఇదే. తోలుబొమ్మలాటలో తెర మీద రెండు బొమ్మలే ఉన్నా, వెనక బల్లల మీద కాళ్లతో తాటించే చప్పుడు సేనను తెచ్చి నిలబెడుతుంది. కనిపించనిదాన్ని వినిపించడం కూడా వర్ణనే.

వచనం: మజిలీ కథల నుంచి చందమామ దాకా

మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగాలుగా రాసిన ‘కాశీమజిలీ కథలు’ తెలుగు వచనంలో అద్భుత కథకు పెద్ద నిధి. అడివి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’ కాకతీయుల కాలపు పోరాటాలను నవలలోకి తెచ్చింది. 1947 జులైలో మొదలైన చందమామ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన తోకచుక్క, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం వంటి సీరియళ్లు పిల్లలకు మాంత్రికులనూ రాక్షసులనూ కోటలనూ పరిచయం చేశాయి. నెలకు కొద్ది పుటలే దొరికే సీరియల్‌లో యుద్ధం రాయాలంటే ప్రతి భాగమూ ఒక మలుపు దగ్గర ఆగాలి. వచ్చే నెల ఆ మలుపు నుంచే అందుకోవాలి. వర్ణనలో ఎక్కువ భాగాన్ని చిత్ర, శంకర్ వంటి చిత్రకారులు తమ బొమ్మల్లో మోశారు. పొదుపుగా రాయడం ఈ సీరియళ్లు నేర్పిన విద్య.

తెర మీది యుద్ధం

తెలుగు తెర మీద పల్నాటి యుద్ధం 1947లోనూ 1966లోనూ, బొబ్బిలి యుద్ధం 1964లోనూ సినిమాలుగా వచ్చాయి. కల్పిత రాజ్యాల మహాయుద్ధాలకు కంప్యూటర్ గ్రాఫిక్స్ దారి తెరిచాక ఎస్.ఎస్. రాజమౌళి తీసిన రెండు ఘట్టాలను పరిశీలించాలి.

‘మగధీర’ (2009)లో కాలభైరవుడు షేర్ ఖాన్ పంపిన వంద మందిని ఎదుర్కొంటాడు. ఒక్కడు వంద మందిని గెలవడం నమ్మించేది వీరుడి బలం కాదు, నేల. ఇరుకైన దారి, రెండు వైపులా లోయ ఉండడంతో వంద మంది ఒక్కసారిగా మీద పడలేరు. గుంపు వరుసగా మారుతుంది.

‘బాహుబలి: ది బిగినింగ్’ (2015)లో కాళకేయులతో యుద్ధం ఈ ప్రక్రియలో తెలుగువారు సాధించిన ముఖ్యమైన మెట్టు. కథ వి. విజయేంద్ర ప్రసాద్‌ది, కాళకేయుల కిలికి భాషను రూపొందించింది మదన్ కార్కి, విజువల్ ఎఫెక్ట్స్ పర్యవేక్షణ వి. శ్రీనివాస్ మోహన్. గ్రాఫిక్స్‌లో అధిక భాగం హైదరాబాద్ సంస్థ మకుట చేసింది. చిత్రీకరణ ఎక్కువగా రామోజీ ఫిల్మ్ సిటీలో సాగింది. 63వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ చిత్రంగా నిలిచింది. కాళకేయులనే పేరు భారతంలోని దానవులది.

ఈ యుద్ధం నిలబడింది గ్రాఫిక్స్ వల్ల మాత్రమే కాదు. అన్నదమ్ములైన బాహుబలి, భల్లాలదేవుల్లో శత్రునాయకుడిని చంపినవాడికే సింహాసనం అన్న షరతు ముందే తెలుస్తుంది. త్రిశూల వ్యూహాన్ని ముందే వివరిస్తారు కాబట్టి, తర్వాత గందరగోళంలోనూ ఎవరు ఎటు ఉన్నారో ప్రేక్షకుడికి తెలుసు. కాళకేయులు బందీలైన ప్రజలను కవచంగా నిలబెట్టినప్పుడు భల్లాలదేవుడు వారిని తొక్కుకుంటూ పోతాడు, బాహుబలి వారిని కింద పడేసి ప్రాణాలు కాపాడతాడు. శత్రునాయకుడిని చివరికి చంపింది భల్లాలుడే. అయినా రాజమాత శివగామి రాజ్యాన్ని బాహుబలికి ఇస్తుంది. యుద్ధ ఫలితాన్ని కత్తి దెబ్బ తేల్చలేదు, మధ్యలో వచ్చిన ఒక ధర్మనిర్ణయం తేల్చింది.

2024లో వచ్చిన నాగ్ అశ్విన్ చిత్రం ‘కల్కి 2898 ఏడీ’ కురుక్షేత్రంతో మొదలై అశ్వత్థామను భవిష్యత్తులోకి తెచ్చింది. ఎనిమిది శతాబ్దాలుగా తెలుగువారికి యుద్ధ ఘట్టం పాఠ్యపుస్తకం మహాభారతమే.

ప్రపంచ సాహిత్యంలో

ఇంగ్లిష్ ఫాంటసీలో జె.ఆర్.ఆర్. టోల్కీన్ రాసిన పెలెన్నార్ మైదాన యుద్ధం (1955) మార్గదర్శకం. ఆయన 1916లో సోమ్ యుద్ధభూమిలో పనిచేసినవాడు. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ ‘ఎ క్లాష్ ఆఫ్ కింగ్స్’ (1998)లో బ్లాక్‌వాటర్ యుద్ధాన్ని ఓడ మీది సైనికుడు, కోటను కాచే మంత్రి, లోపల తలుపులు మూసుకున్న రాచకన్య అనే మూడు చూపుల్లో చెప్పాడు. రాబర్ట్ జోర్డాన్ ప్రారంభించిన నవలామాలికను బ్రాండన్ శాండర్సన్ 2013లో ముగించినప్పుడు, చివరి యుద్ధం ఒక్క అధ్యాయమే దాదాపు 200 పుటలు పట్టింది. జో అబర్‌క్రాంబీ ‘ది హీరోస్’ (2011) నవలంతా మూడు రోజుల యుద్ధమే. తెర మీద పీటర్ జాక్సన్ చిత్రాల కోసం స్టీఫెన్ రెజెలస్ రూపొందించిన ‘మాసివ్’ సాఫ్ట్‌వేర్ వేల మంది డిజిటల్ సైనికులు ఎవరి పోరు వారు పోరాడేలా చేసింది.

హైదరాబాద్: నేలను చదవడం

తెలంగాణ ప్రభుత్వం 2016లో యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్, గేమింగ్ రంగాలకు ‘ఇమేజ్’ విధానం ప్రకటించింది. మాదాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం ప్రాంతాల్లో ఈ పనులు చేసే సంస్థలు ఉన్నాయి. ఆ ప్రాంతాలకు దగ్గరలోనే గోల్కొండ కోట ఉంది. కల్పిత కోట ముట్టడి రాసే తెలుగువారికి అంతకన్నా దగ్గరి పాఠశాల లేదు. 1687లో ఔరంగజేబు సేన సుమారు ఎనిమిది నెలలు ఈ కోటను ముట్టడించింది. వర్షాలు, ఆహార కొరత, గోడల కింద పెట్టిన మందుపాతరలు తిరగబడి మొగలు సైనికులనే చంపడం ఆ ముట్టడిలో భాగాలు. గోల్కొండ సేనాని అబ్దుర్ రజాక్ లారీ చివరిదాకా పోరాడాడు. చివరికి కోట ఫిరంగికి లొంగలేదు, లోపలివారి ద్రోహంతో ద్వారం తెరుచుకుంది. ఫతే దర్వాజా దగ్గర కొట్టిన చప్పట్లు కొండ మీది బాలాహిస్సార్‌లో వినిపించే ఏర్పాటు, కోటలో వార్త ఎలా ప్రయాణిస్తుందో కళ్లకు కడుతుంది.

సైన్యం పరిమాణాన్ని ఊహించడానికి నగర పటమే చాలు. పది వేల మంది నలుగురేసి వరుసలో, వరుసకూ వరుసకూ రెండు మీటర్ల ఎడంతో నడిస్తే 2,500 వరుసలు, అయిదు కిలోమీటర్ల పొడవు అవుతుంది. ముందు వరుస బాలానగర్ మెట్రో స్టేషన్ దగ్గర ఉంటే, చివరి వరుస జేఎన్‌టీయూ దాటి మియాపూర్ వైపు ఉంటుంది. బండ్లు, గుర్రాలు, వంటవారు ఇంకా లెక్కలోకి రాలేదు. ముందున్నవారు తలపడే చోటికి చివరివారు నడిచి చేరడానికి గంట పడుతుంది. లక్ష సైన్యం అని రాసే ముందు ఈ లెక్క వేసుకున్న రచయితకు దాడి ఆలస్యం కావడం, ఆజ్ఞలు అందకపోవడం, నీళ్లు చాలకపోవడం వంటి సంఘటనలు అడగకుండానే దొరుకుతాయి.

రచనా సూత్రాలు

పై ఉదాహరణలన్నింటినీ కలిపి చూస్తే కొన్ని పద్ధతులు స్థిరపడతాయి.

మొదటిది స్థలం. ఏరు ఎక్కడ, గుట్ట ఎక్కడ, ఎండ ఎవరి కళ్లలో పడుతుంది అన్నవి పోరు మొదలవకముందే తెలియాలి. వ్యూహానికి పేరు పెడితే చాలదు, దాని బలహీనత ఎక్కడో కూడా చెప్పాలి. పద్మవ్యూహంలోకి వెళ్లడం తెలిసి, బయటికి రావడం తెలియకపోవడమే అభిమన్యుడి కథ.

రెండోది చూపు. ఒక సేనాని కంటితో విస్తారం, ఒక కాలిబంటు కంటితో దగ్గరితనం వస్తాయి. చూపు మార్చినప్పుడు కాలం వెనక్కి పోకూడదు, లేదా పోయిందని స్పష్టంగా తెలియాలి.

మూడోది ఘట్టవిభజన. ప్రతి ఘట్టం చివర పరిస్థితి మొదటికంటే వేరుగా ఉండాలి. ఒక సేనాని పడిపోవాలి, ఒక ద్వారం పోవాలి, ఒక మాట తప్పాలి, ఒక అస్త్రం ఖర్చవాలి. ఏమీ మారని ఘట్టాన్ని ఎంత అందంగా రాసినా తీసేయాలి.

నాలుగోది విరామం. గుర్రాలకు నీళ్లు పట్టడం, గాయాలకు కట్లు కట్టడం, రాత్రి శిబిరంలో మాటలు కథను ఆపవు, తర్వాతి పోరుకు కారణాలు కూరుస్తాయి.

అయిదోది వెల. యుద్ధం అయిపోయాక ఎవరెవరు లేరో చూపించకపోతే గెలుపుకు అర్థం ఉండదు. తిక్కన స్త్రీపర్వంలో గాంధారి రణభూమిలో కొడుకుల శవాల మధ్య నడుస్తుంది. అంత పెద్ద యుద్ధానికి అంత పెద్ద దుఃఖం కావాలని ఆయనకు తెలుసు.

విమర్శ, అంచనా

ఈ ప్రక్రియ మీద వచ్చే విమర్శల్లో ముఖ్యమైనవి రెండు. ఒకటి, హింస వినోదంగా మారుతుందని. రెండు, శత్రువులను నల్లటి ఒంటితో, అర్థంకాని భాషతో, మనుషులు కానట్టు చూపుతారని. కాళకేయుల చిత్రణ మీద రెండో విమర్శ గట్టిగానే వినిపించింది, అది న్యాయమైనదే. తిక్కన భారతంలో శత్రుపక్షంలో భీష్ముడు, ద్రోణుడు, కర్ణుడు ఉన్నారు. గౌరవించదగిన శత్రువు ఉన్నప్పుడే యుద్ధ కథకు లోతు వస్తుంది.

పద్యంలో, పాటలో, ఆటలో, తెర మీద విస్తరించినంతగా మహాయుద్ధ ఘట్టం తెలుగు వచన నవలలో విస్తరించలేదు. తెరకు కోట్ల రూపాయలు కావాలి. నవలకు పటం, ఓపిక, తిక్కన ద్రోణపర్వం చాలు. తెలుగులో ఫాంటసీ రాయాలనుకునే యువ రచయితలు విదేశీ నవలలతో పాటు పద్నాలుగో రోజు యుద్ధాన్ని కాగితం మీద ఘట్టాలుగా విడదీసి చదవాలి; ఎవరు ఎక్కడున్నారు, ఏం కోరుతున్నారు, ఏం పోగొట్టుకున్నారు అని ప్రతి ఘట్టం పక్కనా రాసుకోవాలి. ఆ పని పూర్తిచేసినవారికి తమ సొంత యుద్ధం రాయడానికి కావలసిన పునాది చేతికి వస్తుంది.